పటం వెనుక

తెలుగులో బొమ్మకు పటం కడతామంటాము. ఇల్లు కట్టినట్లు, పుస్తకం కట్టినట్లు, పెళ్లిలో తాళి కట్టినట్లు పటం కడతాము. ఈ కట్టు ఎంత బిగువుగా ఉండవలె, ఎంత వదులుగా ఉండవలె అన్న ప్రశ్న జీవితమంతా నన్ను వెన్నాడుతుందని, తోర్వాలో మా నాన్న ప్రక్కన పీట మీద కూర్చుని ఆయనకు మేకులు అందించిన రోజులలో నాకు తెలియదు. డెబ్బై యేళ్లు దాటిన తరువాత ఒక పాత అద్దాన్ని నాలుగు కర్రముక్కల నడుమ నిలబెట్టడానికి మూడు వారాలు శ్రమపడ్డాను. ఆ శ్రమకు కారణమైన తప్పు నాదే కనుక, దానిని గురించి వ్రాయవలసినవాడినీ నేనే.

మా ఊరి సంగతి ముందు చెప్పవలె. బిలాస్‌పూరు అర్పా నది ఒడ్డున ఉన్న పట్టణం. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ ఇటుగా పట్టాలు పరచి, 1891 నాటికి ఆసన్‌సోల్ దాకా మార్గాన్ని పూర్తిచేసినది. ఇరవయ్యో శతాబ్ది మొదటి సంవత్సరాలలో వాల్తేరు నుంచి కటకం దాకా ఉన్న తీరపు మార్గం కూడా ఆ కంపెనీ చేతికే వచ్చినది. దానితో శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల పల్లెలలో పొలం చాలక, వానలు కురవక ఉన్నవారికి ఖరగ్‌పూరు, చక్రధర్‌పూరు, బిలాస్‌పూరు పొరుగూళ్ల వంటివైనవి. కలాసీలుగా, ఫిట్టర్లుగా, ఫైర్‌మెన్లుగా, గ్యాంగుమనుషులుగా మనవాళ్లు వచ్చి రైలు వసతులలోను, వాటిని ఆనుకొని ఉన్న తోర్వాలోను స్థిరపడ్డారు. 1944లో కంపెనీ పోయి ప్రభుత్వం వచ్చినది. 1952లో తూర్పు రైల్వే అన్నారు, 1955లో ఆగ్నేయ రైల్వే అన్నారు, 2003లో బిలాస్‌పూరునే ముఖ్యస్థానంగా చేసి ఆగ్నేయ మధ్య రైల్వే అన్నారు. బోర్డుల మీద పేర్లు ఎన్ని మారినా తోర్వా సందులలో సాయంకాలం పూట తెలుగు వినబడడం మానలేదు. బారాఖోలీలో సోలాపురీ మాత పూజ జరిగే రోజులలో ఇది ఛత్తీస్‌గఢ్ అన్న సంగతి కొత్తవారికి ఎవరైనా గుర్తుచేయవలసి వస్తుంది.

మా నాన్న 1943లో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడ ఫిట్టరుగా చేరాడు. పగలు ఇనుముతో పని, సాయంకాలం కర్రతో పని. ఆయనకు దుకాణం లేదు. వాకిట్లో వేపచెట్టు క్రింద ఒక బల్ల, ఒక చేతిరంపం, రెండు చిత్రికలు, ఉలులు, మూలమట్టం, అద్దం కోసే వజ్రపుకలం—ఇవే ఆయన సంపద. ఎవరింట్లో ఏ పటం కట్టవలసి వచ్చినా మా వాకిట్లోకే తెచ్చేవారు. 1894లో బొంబాయిలో నెలకొన్న రవివర్మ ముద్రణాలయం ఇంటింటికీ పంపిన లక్ష్మీ సరస్వతుల బొమ్మలు, వాటిని చూసి తరువాతివారు అచ్చువేసిన బొమ్మలు, పెళ్లిఫోటోలు, ఉద్యోగ విరమణనాడు తోటివారందరూ కుర్చీలు వేసుకుని తీయించుకున్న నిడుపాటి గుంపుఫోటోలు ఆయన చేతి మీదుగా గోడలకు ఎక్కినవి. కర్రకూ అద్దానికీ అయిన ఖర్చు మాత్రమే పుచ్చుకునేవాడు. చేతికష్టానికి తీసుకోవేమని అమ్మ అడిగితే, కష్టమైతే కదా అనేవాడు.

పటాన్ని అందరూ ముందువైపు నుంచి చూస్తారు. మా నాన్న ఎవరింటికి వెళ్లినా గోడ మీది పటాన్ని కొద్దిగా ఎత్తి వెనుకకు తొంగిచూసేవాడు. అది మర్యాద కాదని అమ్మ మందలించేది. కాని ఆయన దృష్టిలో పనివాని నిజాయితీ తెలిసేది అక్కడనే. ముందు కనబడే కర్రకు మెరుగుపెట్టడం ఎవరికైనా చేతనవును. అద్దం, బొమ్మ, అట్ట అనే మూడు వేరువేరు స్వభావాల వస్తువులను ఒకే గాడిలో కూర్చోబెట్టి, ముప్పయ్యేళ్లపాటు వాటి మధ్య తగవు రాకుండా చూడడమే అసలు విద్య.

ఆ తగవు ఎక్కడ పుడుతుందో ఆయన నాకు చూపించాడు. కర్రకు ఋతువులు తెలుసును. అద్దానికి తెలియవు. మా వైపు వేసవిలో ఎండ నలభై డిగ్రీలు దాటి గాలిలోని తడినంతా పీల్చివేస్తుంది. వెనువెంటనే వానలు వచ్చి గోడలు చెమ్మగిల్లుతాయి. కర్ర నిడివిలో పెద్దగా మారదు గాని, అడ్డంగా ఎండకు కుంచించుకుపోతుంది, వానకు ఉబ్బుతుంది. అందుచేత నలభై అయిదు డిగ్రీలకు కోసి అతికించిన పటం మూలలు వేసవిలో లోపలివైపున, వానకాలంలో బయటివైపున సన్నగా విచ్చుకుంటాయి. ఇంత కదలికలో కదలనిది అద్దమొక్కటే. దానిని గాడికి సరిగ్గా సరిపడేటట్లు కోస్తే, ఏదో ఒక వానకాలపు రాత్రి, ఎవరూ ముట్టకుండానే అది మూల నుంచి మూలకు చిట్లుతుంది. ఇంట్లోవాళ్లు అపశకునమని భయపడతారు. అది కొలత తప్పు. అద్దాన్ని నాలుగువైపులా రెండేసి మిల్లీమీటర్లు తక్కువగా కోయవలె. అట్లని మరీ తగ్గిస్తే, మా ఇళ్ల ప్రక్కగా బొగ్గు బండ్లు పోయినప్పుడల్లా అద్దం గలగలలాడుతుంది. "గలగలమనే అద్దం, బిగుసుకున్న అద్దం—రెండూ పగిలేవే" అనేవాడు మా నాన్న.

అద్దం తరువాత బొమ్మ, బొమ్మ తరువాత అట్ట. వెనుక అట్టను నిలపడానికి తలలేని సన్నమేకులను గాడి ప్రక్కగోడలోకి పడుకోబెట్టి కొట్టవలె. మూలకు రెండంగుళాల దూరంలో ఒకటి, ఆ తరువాత మూడంగుళాలకొకటి. కొట్టేటప్పుడు సుత్తిని ఎత్తి వేయరాదు. అట్టకు ఆనించి ప్రక్కవాటుగా జార్చవలె. పటానికి బయటివైపున బరువైన ఇనుపముక్కను ఆనించి పట్టుకోవలె. లేకపోతే మేకు దిగే దెబ్బకు ఎదుటి మూల అతుకు ఊడిపోతుంది. ఆ ఇనుపముక్కను పట్టుకోవడమే నా మొదటి ఉద్యోగం. మేకులకు బదులుగా ఆయన ఒక్కొక్కప్పుడు నూనెడబ్బా రేకును చిన్న త్రికోణాలుగా కత్తిరించి, ఉలిమొనతో గాడిలోకి నెట్టేవాడు. వాటికి సుత్తిదెబ్బ అక్కరలేదు. ఆ పైన మైదాపిండిలో మైలుతుత్తం కలిపి ఉడికించిన బంకతో కాగితపు పట్టీలు అతికించి, దుమ్మూ పురుగూ చొరకుండా సందులు మూసేవాడు. గోడ చెమ్మ తగలకుండా క్రింది మూలలకు రెండు బిరడా ముక్కలు అంటించేవాడు. చివరకు పెన్సిలుతో వెనుక అట్ట మీద బొమ్మలోనివారి పేర్లు, కట్టిన తేదీ, అద్దం కొలత వ్రాసేవాడు. ఎవరి కోసమని అడిగితే, దీన్ని విప్పేవాడి కోసమని జవాబు. పటం కట్టేనాడే దానిని విప్పబోయేవాడిని తలచుకునే మనిషిని నేను ఆయన తరువాత చూడలేదు.

ఫోటోల విషయంలో మాత్రం ఆయనకు ఒక నియమం ఉండేది. అద్దానికీ ఫోటోకీ మధ్య సందు లేకుండా ఏ ఫోటోనూ కట్టేవాడు కాదు. నడుమ కోసిన మందపు అట్టనైనా పెట్టేవాడు, అది దొరకకపోతే అంచుల వెంట అట్టబద్దీలైనా పేర్చేవాడు. దీనికి కారణం ఆయనకు శాస్త్రరీత్యా తెలియదు, అనుభవం చేత తెలుసును. కారణం నేను ఆ తరువాత చదివి తెలుసుకున్నాను. ఆ కాలపు ఫోటో కాగితం మీద బొమ్మను నిలిపేది జెలటిన్ అనే పొర. అది పశువుల ఎముకల నుంచీ తోళ్ల నుంచీ తీసే ఒక విధమైన బంక. గాలిలో తడి హెచ్చినప్పుడు అది తడిని పీల్చి, ఉబ్బి, మెత్తబడుతుంది. అప్పుడు అద్దం దానికి ఆని ఉన్నదా, అంటుకుంటుంది. ఎండాకాలం రాగానే అట్లాగే గట్టిపడుతుంది. నాలుగైదు వానకాలాలు గడిస్తే అద్దమూ బొమ్మా ఒకటే వస్తువు.

ఇక నా కథ.

మా అమ్మ ఫోటో ఒకే ఒకటి ఉన్నది. 1959లో బజారులోని స్టూడియోలో తీయించినది. అమ్మ కుర్చీలో కూర్చున్నది. పద్నాలుగేళ్ల మా అప్ప ప్రక్కన నిలబడి ఉన్నది. అప్ప భుజం మీద అమ్మ చేయి ఉన్నది. తొమ్మిదేళ్లవాడినైన నేను, కెమెరావాడు నల్లగుడ్డలో తల దూర్చేసరికి భయపడి వీధిలోకి పరుగెత్తాను. అందుచేత ఆ ఫోటోలో నేను లేను. 1965లో అప్పకు పెళ్లయి ఖరగ్‌పూరు వెళ్లినది. మరుసటి ఏడు శ్రావణమాసంలో అమ్మ పోయినది.

పన్నెండోనాటికి పటం గోడ మీద ఉండవలెనని బంధువులన్నారు. నాన్న బల్ల దగ్గరకు వెళ్లి, ఫోటోను చేతిలోకి తీసుకుని, మళ్లీ యథాస్థానంలో పెట్టివేశాడు. ఊరందరి పటాలూ కట్టిన ఆ చేతులకు ఆ పని శక్యం కాలేదు. నేను కడతానన్నాను. నాకప్పుడు పదహారేళ్లు. దీపం పెట్టుకుని రాత్రికి రాత్రి కట్టాను. మందపు అట్ట కోసం వెదికాను. దొరకలేదు. బద్దీలు పేర్చే ఓపిక లేకపోయినది. ఫోటోను నేరుగా అద్దానికి ఆనించాను. వెనుక అట్టకు బదులు దేవదారు పెట్టె పలకలు రెండు ప్రక్కప్రక్కన పెట్టాను. అవి కదులుతుంటే ఒకటిన్నర అంగుళాల మేకులు దిగవేసి బిగించాను. తెల్లవారేసరికి పటం నిగనిగలాడుతున్నది. అందరూ మెచ్చుకున్నారు. నాన్న ఒక్కడు దగ్గరకు వచ్చి, పటం వైపు చూడకుండానే అడిగాడు.

"అద్దానికీ బొమ్మకీ మధ్య సందు విడిచావేటిరా?"

"విడిచాను నాన్నా" అన్నాను.

ఎవరి పటాన్నైనా ఎత్తి వెనుకకు చూసే మనిషి, 1983లో తాను పోయేదాకా ఆ ఒక్క పటం వెనుకకు చూడలేదు. నా మాట నమ్మాడో, చూసే ధైర్యం లేకపోయినదో నేను చెప్పలేను.

1994లో అప్ప కొడుకు పెళ్లి నిశ్చయమైనది. పందిట్లో అమ్మ ఫోటో ఉండవలె, ఒక నకలు తీయించి పంపమని అప్ప ఉత్తరం వ్రాసినది. అది భాద్రపద మాసం, వానలు ఇంకా వెనుకపట్టలేదు. పటం దించి, మేకులు పీకి, పలకలు తీశాను. ఫోటో వెనుకభాగంలో ఆ రెండు పలకల సందు ఉన్న చోట గోధుమరంగు గీత నిలువునా దిగి ఉన్నది. నాసి కర్రలోని ఆమ్లం, సందులోనుంచి వచ్చిన గాలీ కలిసి కాగితాన్ని మాడ్చిన గుర్తు అది. ఫోటో బయటకు రాలేదు. మూల పట్టుకుని కొద్దిగా లాగాను. వచ్చినట్లే అనిపించినది. ఇంకొంచెం లాగాను. తడిసిన గుడ్డ చిరిగినట్లు మెత్తని చప్పుడైనది. కాగితం మధ్యలో, అమ్మ ముఖం ఉండవలసిన చోట, అరచేయంత తెల్లని ఖాళీ కనిపించినది.

అప్పుడు నేను చేయవలసిన పని ఒక్కటే, అక్కడనే ఆగి అద్దాన్ని తిప్పి ముందువైపు చూడడం. ఆ పని చేయలేదు. కాగితాన్ని ఉన్న చోటనే పరచి, పలకలు మూసి, పటాన్ని పాత పంచెలో చుట్టి పెట్టె అడుగున పడుకోబెట్టాను. "పాత ఫోటో కనుక నకలు సరిగా రాదని స్టూడియోవారు అంటున్నారు" అని అప్పకు వ్రాశాను. నేను ఏ స్టూడియోకూ వెళ్లలేదు. పందిట్లో అమ్మ ఫోటో లేకుండానే పెళ్లి జరిగినది. ఆ తరువాత అడిగినప్పుడల్లా గోడకు సున్నం వేస్తున్నామనీ, పటానికి కొత్త చట్రం చేయిస్తున్నాననీ చెప్పాను. చివరకు అప్పే, "పోనీలే, నీ దగ్గర భద్రంగా ఉంది కదా, అది చాలు" అన్నది. నేను పడిన శిక్షలలో ఆ మాటను మించినది లేదు.

మా బిలాస్‌పూరు స్టేషనులో టాగూరు కవిత ఒకటి ఫలకం మీద వ్రాసి ఉంచారు. దాని పేరు 'ఫాంకీ', మోసమని అర్థం. 1918లో వెలువడిన 'పలాతకా' సంపుటంలోనిది. జబ్బుపడిన భార్యను గాలిమార్పుకు తీసుకుపోతున్న ఒక భర్త బిలాస్‌పూరులో బండి మారవలసి వస్తుంది. అక్కడ ఒక కూలీ భార్య తన బిడ్డ పెళ్లికి కావలసిన ఇరవై అయిదు రూపాయల కష్టం చెప్పుకుంటుంది. ఆ మొత్తం ఇమ్మని భార్య భర్తను కోరుతుంది. అతడు రెండే రూపాయలిచ్చి కూలీ భార్యను పంపివేసి, ఇచ్చానని భార్యతో అంటాడు. ఆమె ఆ తృప్తితోనే కన్నుమూస్తుంది. బాకీ తీర్చాలని అతడు ఒంటరిగా బిలాస్‌పూరుకు తిరిగి వచ్చేసరికి ఆ కూలీ కుటుంబం అక్కడ ఉండదు. ఎక్కడికి పోయినదో చెప్పేవారు కూడా దొరకరు. ఉద్యోగరీత్యా ఆ స్టేషను గుండా వేలసార్లు నడిచినవాడిని. 1994 తరువాత ఆ ఫలకం ప్రక్కగా పోయినప్పుడు నేను తల ఎత్తేవాడిని కాదు. అప్ప ఇంకా ఉన్నది, బాకీ తీర్చే వీలు ఇంకా ఉన్నది అన్న ఆలోచన నన్ను ఓదార్చేది కాదు, మరింత బాధించేది.

2022 వేసవిలో అప్ప మనుమరాలు ఏదో పరీక్ష కోసం రాయపూరు పోతూ ఒక రాత్రి మా ఇంట దిగినది. "తాతా, మామ్మ అడిగింది, ముత్తమ్మమ్మ పటం ఒకసారి దించు, ఫోనులో బొమ్మ తీసుకుని వెళ్తాను" అన్నది. అబద్ధం చెప్పడానికి నోరు తెరిచాను. మాట రాలేదు. పెట్టె తెరిచి పంచెమూట తెచ్చి బల్ల మీద పెట్టి, "చిరిగిపోయిందమ్మా, నేనే చింపాను" అన్నాను.

ఆ పిల్ల పటాన్ని దీపం వైపు తిప్పి, అద్దం మీద వెలుగు పడకుండా ఏటవాలుగా పట్టుకుని చూసినది. "ఏదీ? ముఖం చెక్కుచెదరలేదే!" అన్నది.

కళ్లజోడు తుడుచుకుని చూశాను. అమ్మ నన్ను చూస్తున్నది. భుజం మీదుగా పలకల సందు గీత లేత గోధుమరంగులో దిగి ఉన్నది. చెంప దగ్గర మబ్బువంటి మచ్చ ఉన్నది. కాని కళ్లూ, నుదుటి బొట్టూ, పెదవుల మూలన ఆగిన చిన్ననవ్వూ అట్లాగే ఉన్నవి. జరిగినదేమిటో అప్పుడు అర్థమైనది. నేను వెనుక నుంచి లాగినప్పుడు చిరిగినది కాగితం. బొమ్మ ఉన్న పొర అద్దాన్ని విడవలేదు. ఇరవై ఎనిమిదేళ్లుగా అమ్మ ముఖం కాగితం మీద లేదు, అద్దం మీద ఉన్నది. నేను ఒక్కసారి ముందువైపు చూసి ఉంటే ఆ రోజే తెలిసేది.

సంతోషం వెంటనే భయం పట్టుకున్నది. పటాలలో అద్దం మార్చుకోదగినది, పగిలితే మరొకటి వేస్తాము. ఈ పటంలో అద్దమే బొమ్మ. ఇది పగిలితే అమ్మ లేదు. పాత చిత్రాలను కాపాడే పని నేర్చిన ఒకాయనను అడిగాను. ఆయన చెప్పినవి నాలుగు మాటలు. అద్దం మీదనుంచి బొమ్మను ఊడదీసే ప్రయత్నం ఎంతమాత్రమూ చేయవద్దు. అద్దం లోపలివైపు తడిగుడ్డ తగలనీయవద్దు. ముందు అద్దంతోనే మంచి నకలు తీయించు. తరువాత దేని ఒత్తిడీ లేకుండా, పొడిగా ఉండేటట్లు కట్టు. నకలు తీయించాను. కట్టే పని మాత్రం ఎవరికీ అప్పగించలేదు.

నాన్న బల్ల మళ్లీ వాకిట్లోకి వచ్చినది. వేపచెట్టు లేదు గాని నీడ కోసం గోడ ఉన్నది. మా పాత కిటికీ టేకుచట్రం నలభై ఏళ్లు ఎండకు ఎండి, వానకు తడిసి, ఇక కదలవలసినదంతా కదిలి ఉన్నది. దానినే చీల్చి కడ్డీలు తీశాను. గాడి లోతు లెక్క వేసుకున్నాను. ముందు రెండు మిల్లీమీటర్ల కొత్త అద్దం. దెబ్బ తగిలితే అది తినవలె. దాని వెనుక మూడు మిల్లీమీటర్ల బద్దీలు, రెండు అద్దాలూ ఒకదానినొకటి తాకకుండా. ఆ తరువాత బొమ్మను మోస్తున్న పాత అద్దం, రెండు. దాని వెనుక నూలుగుడ్డ గుజ్జుతో చేసిన అట్ట నాలుగు, అదీ అంచుల వెంట మాత్రమే ఆనేటట్లు మధ్యభాగం కోసినది, ఎందుకంటే చిరిగిన కాగితం మీద వేలు బరువు కూడా పడరాదు. ఆపైన మూతగా మరొక అట్ట, నాలుగు. మొత్తం పదిహేను. నిలిపే బిళ్లలకు మరొక అయిదు. ఇరవై మిల్లీమీటర్ల లోతు గాడి మా నాన్న కూడా ఎన్నడూ తీసి ఉండడు.

పాత అద్దం ఆ కాలపుది. కరిగిన తగరం మీద గాజును పరచి సమంగా చేసే పద్ధతిని ఇంగ్లండులో 1959లో ప్రకటించారు. మా అమ్మ అద్దం అంతకు ముందరి పద్ధతిలోనిదే కాబోలు, పక్కనుంచి చూస్తే నీటి అల వలె సన్నని వంపులున్నవి. అటువంటి అద్దం నాలుగు మూలలా ఒకే విధంగా ఆనదు. ఆనని మూలను బిగిస్తే పగులుతుంది. అందుచేత ప్రతి మూలనూ విడివిడిగా చూసి, వంపు ఉన్న చోట అట్టపొరలు చేర్చి, అద్దం తనంతట తాను కూర్చునేదాకా సర్దాను. దీనికే నాలుగు రోజులు పట్టినది.

చివరకు నిలపడం. సుత్తి పనికిరాదు. జార్చి కొట్టినా ఆ అదురు అద్దానికి చేరుతుంది, ఎండిన పొర రాలిపోతుంది. రేకు త్రికోణాలను నెట్టడానికైనా బలం కావలె, నా చేతులు ఈ మధ్య వణుకుతున్నవి. అందుకని బరమాతో ముందుగా సన్నని రంధ్రాలు తీసి, అద్దాలు పెట్టకముందే గాడి అంచున ఎనిమిది ఇత్తడి బిళ్లలు మరలతో బిగించాను. పలక తలుపుకు గొళ్లెం తిప్పినట్లు వాటిని వేలితో తిప్పితే అట్టను పట్టుకుంటాయి. మళ్లీ తిప్పితే విడుస్తాయి. దేనినీ పీకనక్కరలేదు. రెండు అద్దాలూ కలిసి ఎనిమిది వందల గ్రాములకు దగ్గరగా తూగినవి. ఆ బరువును క్రింది కడ్డీ మీద కాగితపు అట్ట పట్టీ వేసి కూర్చోబెట్టాను. పటాన్ని చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా ఊపాను. గలగల లేదు. వేలితో అట్టను నొక్కాను. కొద్దిగా లోపలికి పోయి తిరిగి వచ్చినది. ఈ రెంటికీ మధ్య ఉన్న ఆ కొద్ది చోటునే మా నాన్న నాకు 1966కు ముందు వందసార్లు చూపించాడు.

వెనుక వ్రాయడం మిగిలినది. పెన్సిలు చెక్కుకుని చాలసేపు కూర్చున్నాను. అమ్మ పేరు, అప్ప పేరు వ్రాశాను. ఫోటో తీసిన ఏడు వ్రాశాను. తరువాత ఇట్లా వ్రాశాను: 1966లో నేను అద్దానికి ఆనించి కట్టాను. 1994లో విప్పి చింపాను, అప్పకు చెప్పలేదు. 2022లో తిరిగి కట్టాను. లోపలి అద్దం మార్చవద్దు, బొమ్మ దాని మీదనే ఉన్నది.

పటాన్ని ఖరగ్‌పూరుకు నేనే తీసుకుపోయాను. సుమారు ఆరువందల కిలోమీటర్ల ప్రయాణం. అద్దమున్న వస్తువును రైలులో పడుకోబెట్టి తీసుకుపోరాదు, అంచు మీద నిలబెట్టి ఉంచవలె. పడుకోబెడితే ప్రతి కుదుపుకూ మధ్యభాగం ఊగుతుంది. కంబళిలో చుట్టి మోకాళ్ల నడుమ నిలబెట్టుకుని కూర్చున్నాను. ఎదుటి బల్ల మీది బెంగాలీ పెద్దమనిషి అదేమిటని అడిగాడు. మా అమ్మ అన్నాను. ఆయన మరేమీ అడగకుండా తన సంచీ జరిపి చోటిచ్చాడు.

అప్పకు డెబ్బై ఏడేళ్లు. ఒక కంటికి చూపు మందగించినది. కంబళి విప్పి పటం ఆమె ఒడిలో పెట్టాను. చాలసేపు చూసినది. అద్దం మీద అమ్మ చేయి ఉన్న చోట, తన భుజం మీద, వేలు ఆనించినది. తరువాత, మా నాన్న కూతురు కనుక, పటాన్ని తిప్పి వెనుక చూసినది. అక్షరాలు కనబడక మనుమరాలిని పిలిచి చదవమన్నది. ఆ పిల్ల మొదటి రెండు పంక్తులు పైకి చదివి, మూడవదాని దగ్గర నా వైపు చూసి ఆగినది. "చదువు" అన్నది అప్ప. చదివినది.

గదిలో చాలసేపు ఎవరమూ మాట్లాడలేదు.

"నా కొడుకు పెళ్లికి ఈ పటం లేదని నేను పందిట్లో ఏడిచాను, తెలుసా నీకు?" అన్నది అప్ప.

తెలియదన్నాను.

"ఇది చెప్పడానికి ఇన్నేళ్లు పట్టిందేటిరా?"

దానికి నా దగ్గర జవాబు లేదు. ఉన్నదని నటించనూ లేదు. అప్ప మళ్లీ పటం వెనుకకు తిప్పి, పెన్సిలు అక్షరాల మీద చేయి ఆడించినది.

"నేను, నేను అని రాశావు. నేనంటే ఎవరో రేపు విప్పేవాళ్లకి ఏటి తెలుస్తది? పేరు రాయి."

మనుమరాలు పెన్సిలు తెచ్చి ఇచ్చినది. అప్ప చూస్తుండగా వెనుక అట్ట మీద, ఆ వాక్యాల క్రింద, నా పేరు వ్రాశాను. ఎండ పడని తూర్పుగది లోపలిగోడకు, రెండు బిరడా ముక్కల ఎడంతో, పటాన్ని వ్రేలాడదీశాము.